పెరూ ఆండీస్ పర్వతాల్లో ఖనిజ నమూనాల సేకరణ: వాన్‌సాలా ప్రయాణానికి సలహా కావాలి

సాగరతీరం:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా మే నెల మొదటి వారం నుంచి మూడు నెలలపాటు పెరూ రాజధాని లిమాలో ఉండబోతున్నాను. మాది విశాఖపట్నం. 12 ఏళ్ళుగా ఖనిజ నమూనాలు సేకరిస్తున్నాను. మంగంపేట ముగ్గురాయి, గూడూరు అభ్రకం, గరివిడి ప్రాంతపు మాంగనీసు రాళ్ళు, నాసిక్, జల్‌గావ్ క్వారీల జియోలైట్లు అన్నీ కలిపి 150కి పైగా నా దగ్గర ఉన్నాయి. వాటిలో సగం నేను సెలవురోజుల్లో సుత్తి, సంచీ పట్టుకుని తిరిగి స్వయంగా ఏరుకున్నవే కావడం వల్ల, ఏ రాయిని చేతిలోకి తీసుకున్నా అది దొరికిన గట్టు, ఆనాటి ఎండ, నా వెంట వచ్చిన మనిషి గుర్తుకు వస్తారు.

కాలేజీ రోజుల్లో మా ప్రయోగశాల బీరువాలో ఒక పైరైట్ (ఇనుము, గంధకాల ఖనిజం) గుత్తి ఉండేది. గోళీకాయలంత ఘనాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని పెరిగి, కిటికీ వెలుతురు పడితే ఇత్తడి పాత్ర తోమి పెట్టినట్టు మెరిసేవి. దాని కింద టైపు కొట్టిన చీటీ మీద ‘వాన్‌సాలా, పెరూ’ అని మాత్రమే ఉండేది. ఆ పేరు అప్పటినుంచి మనసులో ఉండిపోయింది. ఇప్పుడు ఆ దేశానికే వెళ్ళే అవకాశం వచ్చింది కనుక, వారాంతాల్లో వీలు చూసుకుని వాన్‌సాలాకు, కుదిరితే హ్యూబ్నరైట్ అనే టంగ్‌స్టన్ ఖనిజానికి ప్రసిద్ధమైన పాస్తో బ్వేనోకు వెళ్ళి, గనుల చుట్టుపక్కల రాతిగుట్టల్లో వెతుక్కోవాలని నా ఆశ.

ఇక్కడ క్వారీ యజమానిని అడిగితే చాలాసార్లు కాదనరు. అక్కడ ఆ పద్ధతి సాగుతుందా? మూతపడిన పాత గనుల్లోకి కాస్త దూరం వెళ్ళి చూడటం క్షేమమేనా? సముద్రమట్టంలో పుట్టి పెరిగిన నా బోటివాడు 4,000 మీటర్ల ఎత్తులో రాళ్ళు కొట్టగలడా? కొనవలసి వస్తే మోసపోకుండా కొనడం ఎలా? చివరగా, అక్కడి పొడి కొండగాలిలో భద్రంగా ఉన్న పైరైట్ మా విశాఖ తేమగాలికి నిలుస్తుందా? తెలిసినవారు చెప్పగలరని ప్రార్థన.

భూగర్భం:

సాగరతీరం గారికి నమస్కారం. నేను పెరూలో ఒక సీసం, జింకు గనిలో భూగర్భ శాస్త్రజ్ఞుడిగా ఆరేళ్ళు పనిచేసి, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. మీ ప్రశ్నల్లో రెండింటికి జవాబు నిరుత్సాహం కలిగించేదే అయినా, వెళ్ళకముందే తెలిస్తే మంచిదని వివరంగా రాస్తున్నాను.

మొదట అనుమతి సంగతి. పెరూలో భూమి లోపలి ఖనిజం ప్రభుత్వానిది, దాన్ని తవ్వే హక్కు లీజు పొందిన సంస్థది, పైనున్న నేల మాత్రం చాలాచోట్ల అక్కడి రైతు సమాజానిది. ఆ సమాజాలు చట్టం గుర్తించినవి, సభ పెట్టుకుని తీర్మానాలు చేసుకునేవి, తమ కొండ మీదికి అపరిచితుడు సుత్తితో వస్తే మొదట అనుమానించేవి. గని వల్ల నీళ్ళు పాడైన అనుభవం, భూమి పోయిన అనుభవం వాళ్ళకు తరతరాలుగా ఉంది కాబట్టి ఆ అనుమానం సహజమైనదే. మీరు కంపెనీ అనుమతి తెచ్చుకున్నా ఊరివాళ్ళను అడగకుండా కొండ ఎక్కకూడదు, ఊరివాళ్ళు సరేనన్నా కంపెనీ అనుమతి లేకుండా గని ఆవరణలోకి వెళ్ళకూడదు. ఏ కొండ ఎవరి లీజులో ఉందో ఆ దేశపు భూగర్భ సంస్థ ఇంజెమ్మెట్ తన జియోకాట్‌మిన్ అనే ఆన్‌లైన్ పటంలో ఉచితంగా చూపిస్తుంది. ప్రయాణం పెట్టుకునే ముందు దాన్ని ఒకసారి తెరిచి చూస్తే, ఖాళీగా కనిపించే కొండల్లో ఎంత భాగం గళ్ళుగళ్ళుగా పంచబడి ఉందో మీకే అర్థమవుతుంది.

వాన్‌సాలా లోహం కోసం తవ్వే పెద్ద భూగర్భ గని. సున్నపురాయి పొరల్లోకి వేడి ద్రవాలు చొరబడి, ఆ రాయిని కరిగించి, దాని స్థానంలో జింకు, సీసం ఖనిజాలను, వాటితోపాటు పైరైట్‌ను నింపడం వల్ల ఏర్పడిన నిక్షేపం అది. ద్రవం పూర్తిగా నింపకుండా వదిలేసిన గుల్లల్లోనే మీరు చూసిన ఘనాలు, అష్టముఖులు, అరుదుగా గులాబీరంగు ఫ్లోరైట్ పెరుగుతాయి. అంటే మంచి స్ఫటికం లోపలి గుల్లలో ఉంటుందే తప్ప బయటి గుట్టల్లో ఉండదు. బయట పారబోసిన రాయి పేలుడుకు పగిలి, లారీల్లో దొర్లి, వానకు తడిసి, తుప్పు పట్టి ఉంటుంది. మన క్వారీల్లో బసాల్ట్ గోడను కళ్ళెదుట చూస్తూ గుల్ల వెతుక్కోవచ్చు. అక్కడ ఆ గోడ కొండ కడుపులో, భూమి కింద ఉంటుంది. కాబట్టి పెరూలో సేకరణ అంటే ప్రధానంగా లోపల పనిచేసేవాడి చేతినుంచి బయటికి వచ్చినదాన్ని కొనుక్కోవడమే.

ఇక పాత గనుల గురించి. దయచేసి ఒక్క అడుగు కూడా లోపల పెట్టవద్దు. పెరూ కొండల్లో వదిలేసిన గని నోళ్ళు, చెత్తగుట్టలు, మురుగు చెరువులు వేల సంఖ్యలో ఉన్నాయి. పైకప్పు కూలుతుందనే భయం అందరికీ ఉంటుంది కానీ, గాలి గురించిన భయం చాలామందికి ఉండదు. సల్ఫైడు ఖనిజాలు తడిగా ఉంటే నిరంతరం ప్రాణవాయువును పీల్చుకుంటూ తుప్పు పడతాయి. గాలి ఆడని సొరంగంలో ఏళ్ళ తరబడి ఆ పని జరిగితే మిగిలే గాలిలో మనిషి బతకడు, దానికి వాసన ఉండదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. ఒకసారి మేము కొలతల కోసం ఒక పాత సొరంగం ముందుకు వెళ్ళాము. ప్రాణవాయువు 19.5 శాతానికి దిగితే కూత పెట్టే పరికరం మా పర్యవేక్షకుడి నడుముకు ఉంది. లోపలికి సరిగ్గా పదకొండు అడుగులు వేశాము. నేల పొడిగా ఉంది, గోడ మీద నీలిరంగు రాగి పూత అందంగా మెరుస్తోంది, నేను దాన్ని చూడటానికి వంగబోతుండగా పరికరం మోగింది. ఆయన నా చొక్కా వెనకనుంచి పట్టుకుని బయటికి లాగాడు. నా ఒంట్లో ఏ తేడా తెలియలేదు. పరికరం లేకపోయి ఉంటే నేను ఇంకో ఇరవై అడుగులు నిశ్చింతగా వెళ్ళి ఉండేవాణ్ణి.

ఎత్తు విషయానికి వస్తే, లిమా సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడినుంచి మధ్య రహదారి మీద కారులో బయలుదేరితే నాలుగైదు గంటల్లో 4,818 మీటర్ల తిక్లియో కనుమ మీద ఉంటారు. దారిలో కసపాల్కా, కనుమ దాటాక మొరొకోచా, ఇవన్నీ ఖనిజ పుస్తకాల్లో మీరు చదివిన పేర్లే. ఎనార్జైట్ అనే రాగి ఖనిజాన్ని 1850లో తొలిసారి వర్ణించింది మొరొకోచా నమూనాల నుంచే. కానీ మొదటి వారాంతంలోనే ఆ దారి పట్టవద్దు. 4,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 40 శాతం తక్కువ. అక్కడివాళ్ళు సొరోచే అని పిలిచే ఆ జబ్బు తలనొప్పి, వాంతులతో మొదలవుతుంది. నడకలో తూలడం, విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే ఆ రాత్రే కిందికి దిగాలి, తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు. మీరు ముందు 3,050 మీటర్ల ఎత్తులో ఉన్న వారస్ పట్టణంలో కనీసం రెండు మూడు రాత్రులు గడిపి, ఆ తర్వాతే పైకి వెళ్ళండి. మందుల సంగతి బయలుదేరే ముందే మీ వైద్యుణ్ణి అడగండి. మీరు వెళ్ళే మే, జూన్, జులై నెలలు కొండల్లో పొడి కాలం కావడం మీ అదృష్టం. డిసెంబరు నుంచి మార్చి దాకా బురద, బండరాళ్ళు కొట్టుకొచ్చే వరదలకు ఆ దారులు మూసుకుపోతుంటాయి.

వాన్‌సాలా చూడాలనే మీ కోరిక మాత్రం తీర్చుకోవచ్చు. వారస్‌కు దక్షిణాన పచకోతో దగ్గర ప్రధాన రహదారి వదిలి తూర్పుకు తిరిగితే, పాస్తోరూరి హిమనీనదం వైపు వెళ్ళే మట్టిరోడ్డు 4,700 మీటర్లు దాటి, ఆవల వాన్‌సాలా గని పక్కగా వయాంకా ఊరికి దిగుతుంది. ఆ దారిలో కొంతభాగం వాస్కరాన్ జాతీయ ఉద్యానవనంలోంచి పోతుంది. అక్కడ చిన్న గులకరాయి కూడా తీయకూడదు. దారి పక్కన కార్పా దగ్గర, జీవితంలో ఒక్కసారే పూచి ఎండిపోయే పూయా రైమోండి మొక్కలు మనిషిని మించిన ఎత్తున నిలబడి ఉంటాయి. ఆ పేరులోని రైమోండి ఎవరో మీకు ఆసక్తి ఉంటుంది. ఇటలీ నుంచి 1850లో పెరూకు వచ్చి, దాదాపు రెండు దశాబ్దాలపాటు గాడిదల మీద, కాలినడకన దేశమంతా తిరిగి, ఆ దేశపు ఖనిజాలను పద్ధతి ప్రకారం సేకరించి వర్ణించిన ఆంతోనియో రైమోండి పేరు అది. ఆయన పేరిట లిమాలో మ్యూజియం కూడా ఉంది. అదేవిధంగా ఆంద్రెస్ దెల్ కాస్తియో మ్యూజియంలోని పెరూ స్ఫటికాలను చూడకుండా ఏమీ కొనవద్దని నా సలహా. వెళ్ళే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. మంచి నమూనా ఎలా ఉంటుందో కంటికి ఒకసారి అలవాటైతే, బజారులో ధర మాట మీకు వేరుగా వినిపిస్తుంది.

కాకిబంగారం:

భూగర్భం గారు చెప్పినవాటిలో భద్రతకు సంబంధించిన ప్రతి మాటా నేను కళ్ళకద్దుకుంటాను. మాది గూడూరు. మా తాతగారి కాలంలో అభ్రకం గనుల్లో దిగినవాళ్ళ కథలు వింటూ పెరిగాను కనుక, మూసిన గనిని గౌరవించడం మా ఇంట్లో నేర్పిన సంగతి. నేను ఉండేది హైదరాబాదులో, పెరూ ఖనిజాలు కొని దాచుకోవడం పదిహేనేళ్ళ అలవాటు. కాబట్టి కొనడం గురించి రాస్తాను.

సాగరతీరం గారు, లిమాలో పర్యాటకుల కోసం పెట్టిన చేతిపనుల దుకాణాల్లో పైరైట్ గుట్టలుగా కనిపిస్తుంది. అది నిజమైన పైరైటే, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కానీ ఏ గనినుంచి వచ్చిందని అడిగితే ‘కొండల నుంచి’ అనే జవాబు వస్తుంది. అలాంటిది బల్ల మీద అలంకారానికి కొనుక్కోండి, సేకరణ కోసం కొనవద్దు. గని పేరు, జిల్లా, ప్రావిన్సు, ప్రాంతం నాలుగూ రాసి ఇచ్చే వ్యాపారి దగ్గరే సేకరణ నమూనా కొనండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ముందే తెలిస్తే కంగారు పడరు. వాన్‌సాలా నమూనాల పాత చీటీల మీద ‘దోస్ దె మాయో ప్రావిన్సు, వానుకో’ అని, కొత్తవాటి మీద ‘బొలోగ్నేసి ప్రావిన్సు, ఆంకాష్’ అని ఉంటుంది. గని ఒక్కటే, పరిపాలనా సరిహద్దు మారింది. అందువల్ల పాత చీటీని తప్పని పారేయకుండా, దాన్ని అలాగే ఉంచి మీ చీటీ పక్కన చేర్చండి. మన దగ్గరా కొత్త జిల్లాలు వచ్చాక నా సొంత చీటీలన్నిటికీ ఇదే పని చేయవలసి వచ్చింది.

మోసం గురించి నా అనుభవం చెబుతాను. ఎనిమిదేళ్ళ క్రితం ఒక ప్రదర్శనలో పాస్తో బ్వేనో హ్యూబ్నరైట్ కొన్నాను. తెల్లని పలుగురాయి మొనల మధ్యనుంచి నల్లని కత్తిలాంటి స్ఫటికం నిటారుగా లేచి ఉంది. హ్యూబ్నరైట్ మాంగనీసు, టంగ్‌స్టన్‌ల ఖనిజం. చూడటానికి నల్లగా ఉన్నా, వెనకనుంచి టార్చి వేస్తే పలచని అంచులో దానిమ్మగింజ ఎరుపు వెలుగుతుంది. ఆ పరీక్ష అక్కడికక్కడే చేశాను, ఎరుపు కనిపించింది, ఆనందంగా డబ్బు ఇచ్చేశాను. ఇంటికి వచ్చి చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు, స్ఫటికం మొదట్లో సన్నని పాలనీలి గీత ఒకటి చుట్టూ వెలిగింది. అది జిగురు. అసిటోన్‌లో ఒక రాత్రి నానబెడితే పొద్దున్నకు స్ఫటికం ఒకవైపు, పలుగురాయి ఒకవైపు పడి ఉన్నాయి. రెండూ అసలువే, రెండూ బహుశా ఒకే గనివే, కానీ ఆ కలయిక ప్రకృతి చేసినది కాదు. విరిగిన ముక్కను దాని చోటే తిరిగి అతికించి ఆ మాట చెప్పి అమ్మితే తప్పు లేదు, చెప్పకపోవడమే తప్పు. అందువల్ల చేతిలో పట్టే చిన్న అతినీలలోహిత దీపం, పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం తప్పక తీసుకువెళ్ళండి. స్ఫటికం రాయిలో దిగిన చోట మరీ శుభ్రంగా ఉన్నా, రాతిపొడి చల్లినట్టు గరుకుగా ఉన్నా ఇంకోసారి చూడండి.

రోడోక్రోసైట్ కొనే ఆలోచన ఉంటే అది మాంగనీసు కార్బొనేటు అని మరవకండి. చాకుతో గీస్తే గీత పడేంత మెత్తనిది, ఏ ఆమ్లంతోనూ కడగకూడదు. కిరువిల్కా గని నుంచి వచ్చిన హరిదళం (పసుప్పచ్చని ఖనిజం), ఎనార్జైట్‌లలో ఆర్సెనిక్ ఉంటుంది, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, పిల్లలకు అందకుండా పెట్టాలి. మణిశిల అనే ఎర్రని ఆర్సెనిక్ ఖనిజాన్ని వెలుతురులో ఉంచితే ఎర్రదనం పోయి పసుప్పచ్చని పొడిగా రాలిపోతుంది కాబట్టి అద్దాల బీరువాలో పెట్టుకోవాలనుకునేవారికి అది తగదు. వాంకవెలికా ఇంగిలీకం పాదరసపు ఖనిజం, ఆ కొండను వెట్టిచాకిరిలో తవ్విన ఆండియన్ కూలీల చరిత్ర తెలిసినవాణ్ణి కనుక నేను దాన్ని ఇంటికి తెచ్చుకోలేదు.

భూగర్భం గారితో ఒకచోట మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. గనిలో పనిచేసేవాడి చేతినుంచి వచ్చినదే కొనాలంటే, ఆ డబ్బు నేరుగా ఆ మనిషికే అందితే బాగుంటుంది కదా! దళారుల ద్వారా కొంటే కార్మికుడికి దక్కేది ఎంతో కొంచెం. సాగరతీరం గారు వయాంకా దాకా వెళుతున్నప్పుడు, ఊళ్ళో ఎవరైనా అమ్మితే కొనకూడదా?

భూగర్భం:

కాకిబంగారం గారు, మీ ప్రశ్న న్యాయమైనది, నేనూ అక్కడ మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. సమస్య ఎక్కడ వస్తుందంటే, చాలా కంపెనీ గనుల్లో లోపలినుంచి రాయి తీసుకురావడం నిబంధనలకు విరుద్ధం. నేను పనిచేసిన గనిలో ఒక డ్రిల్లర్ తన టిఫిన్ డబ్బాలో చిన్న పైరైట్ గుత్తి పెట్టుకుని వస్తూ గేటు దగ్గర దొరికిపోయాడు. పద్నాలుగేళ్ళ సర్వీసు ఉన్న మనిషి, ముగ్గురు పిల్లలు. ఉద్యోగం పోయింది. ఆ రాయిని ఎవరో ఊళ్ళో కొంటానన్నందుకే అతను తెచ్చాడు. గని గేటు దగ్గర విదేశీయుడు నిలబడి ‘స్ఫటికాలు ఉన్నాయా’ అని అడగటం ఎవరి మీదికి వస్తుందో అప్పుడు తెలిసింది. కొన్నిచోట్ల కంపెనీయే గుల్లలు తెరిచే పనిని ఒప్పందం మీద అప్పగించిన సందర్భాలు ఉన్నాయి. చిన్నతరహా గనుల్లో తవ్వేవాళ్ళే యజమానులు, వాళ్ళ దగ్గర నేరుగా కొనడంలో ఏ దోషమూ లేదు. కాబట్టి ఊళ్ళో కొనేముందు ఈ రాయి మీ చేతికి ఎలా వచ్చిందని అడగండి. జవాబు తడబడితే మానేయండి.

చెత్తగుట్టల గురించి ఒక మాట మిగిలిపోయింది. దక్షిణాన పునో వైపు బంగారపు గనుల దగ్గర, పయకేరాలు అని పిలిచే స్త్రీలు పారేసిన రాతిగుట్టల మీద రోజంతా కూర్చుని సుత్తితో రాళ్ళు పగలగొట్టి, ఖనిజం మిగిలిన ముక్కలు ఏరుకుంటారు. చాలామందికి అదే జీవనాధారం. బయటివాడికి అది పారబోసిన రాయి, వాళ్ళకు అది రేపటి కూలి. అలాంటి గుట్ట మీద మనం సరదాకి ఏరడం తగదు.

దారిలో సముద్రపు గవ్వల శిలాజాలు, చుట్టలు చుట్టుకున్న అమ్మొనైట్లు అమ్మజూపుతారు. పెరూ చట్టం ప్రకారం శిలాజాలు దేశ వారసత్వ సంపద, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. కొనవద్దు. ఎత్తు తలనొప్పికి అక్కడ కోకా ఆకుల టీ ఇస్తారు, అక్కడ తాగడం చట్టబద్ధమే. మిగిలిన పొట్లాన్ని మాత్రం పెట్టెలో మరిచిపోయి రాకండి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద కోకా ఆకు నిషిద్ధం.

కోరంగి:

కాకినాడ నుంచి రాస్తున్నాను. తేమ గురించిన చివరి ప్రశ్నకు జవాబు నా నష్టం నుంచే చెప్పగలను.

నా దగ్గర బొగ్గుపొరల్లో దొరికిన పిడికెడు పైరైట్ ముద్ద ఉండేది. అట్టపెట్టెలో దూది మీద పెట్టి, పైన చీటీ ఉంచి, రెండు వానాకాలాలు తెరవలేదు. మూడో ఏడు తెరిచేసరికి కాల్చి ఆర్పిన అగ్గిపుల్లలాంటి వాసన గుప్పున కొట్టింది. ముద్ద పగుళ్ళిచ్చి, పగుళ్ళలోంచి బూడిదరంగు తెల్లని పొడి పొంగుకొచ్చింది. దూది గోధుమరంగుకు మారి ముట్టుకుంటే రాలిపోయింది. చీటీ మీద మా గురువుగారి చేతిరాత ఉండేది, దాని అంచులు నల్లబడి, మధ్యలో రాయి తగిలిన మేర చిల్లు పడింది. రాయి పోయినందుకంటే ఆ చీటీ పోయినందుకు ఎక్కువ బాధపడ్డాను. జరిగింది ఏమిటంటే, పైరైట్‌లోని గంధకం గాలిలోని తేమతోనూ ప్రాణవాయువుతోనూ కలిసి గంధకామ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం పక్కనున్న ప్రతిదాన్నీ తింటుంది. ఒక్క రాయి చెడితే అదే సొరుగులో ఉన్న సున్నపు ఖనిజాలకూ చేటే.

అయితే సాగరతీరం గారు నిరాశ పడవలసిన పని లేదు. బొగ్గులో, నల్లని బురదరాళ్ళలో పుట్టిన సన్నని రేణువుల పైరైట్ త్వరగా చెడుతుంది, ఎందుకంటే గాలి తగిలే ఉపరితలం దానికి చాలా ఎక్కువ. వాన్‌సాలా పైరైట్ వేడి ద్రవాల నుంచి నెమ్మదిగా పెరిగిన ముతక స్ఫటికం, ఎంతో గట్టిగా నిలుస్తుంది. నా దగ్గర ఉన్న వాన్‌సాలా ముక్క పదకొండేళ్ళుగా చెక్కుచెదరలేదు. అయినా జాగ్రత్త అవసరమే. గనిమట్టి అంటి ఉంటే మెత్తని బ్రష్షుతో కడిగి, వెంటనే స్పిరిట్‌లో ముంచి తీసి, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వండి. గుల్లల్లో తడి మిగిలితే చెడటం అక్కడినుంచే మొదలవుతుంది. తర్వాత రబ్బరు అంచు మూతతో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. డబ్బాలో తేమ 50 శాతానికి లోపు ఉండాలి. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి లోపల పెడితే అనుమానం ఉండదు. తేమ పీల్చాక రంగు మారే జెల్ తీసుకుంటే, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. వానాకాలంలో నేను మూడు వారాలకొకసారి మార్చవలసి వస్తోంది. చీటీని రాయికి ఆనించకండి, దాని నకలు ఇంకోచోట దాచండి.

విమానంలో తెచ్చేటప్పుడు ప్రతి రాయినీ ముందు మెత్తని టిష్యూ కాగితంలో చాలా పొరలుగా, తర్వాత ఫోములో చుట్టి, పెట్టె కదిపితే లోపల ఏమీ కదలకుండా బిగించండి. సూది మొనలున్న పలుగురాయికి దూది వాడకండి, పోగులు మొనలకు చిక్కుకుని తీసేటప్పుడు అవే విరుస్తాయి. సుత్తి, ఉలి చేతిసంచీలో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. కొన్న బిల్లులన్నీ, నమూనాల జాబితాతో కలిపి, చేతికి అందేచోట ఉంచుకోండి.

సాగరతీరం:

అందరికీ కృతజ్ఞతలు. నిన్ననే విశాఖ చేరుకున్నాను. మీరంతా ఇంత శ్రద్ధగా రాసినందుకు, అక్కడ ఏం జరిగిందో చెప్పడం నా ధర్మం.

మొదటి నెల లిమా దాటలేదు. మ్యూజియం అద్దాల ముందు రెండు ఆదివారాలు గడిపాను. జూన్‌లో వారస్ వెళ్ళి మూడు రాత్రులు ఉండి, అక్కడ కుదుర్చుకున్న కారులో పచకోతో మలుపు నుంచి పైకి ఎక్కాము. కార్పా దగ్గర పూయాల మధ్య నిలబడినప్పుడు గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కనుమ మీద కారు దిగి నలభై అడుగులు నడిచి ఆగిపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంది. సుత్తి పట్టి రాళ్ళు కొట్టే ఆలోచన అక్కడే తీరిపోయింది. ఆవల దిగుతుంటే డ్రైవరు చెయ్యి చాపి ‘వాన్‌సాలా’ అన్నాడు. రేకుల కప్పులు, కన్వేయరు, కొండ పక్కన బూడిదరంగు గుట్ట, దుమ్ములో లైన్లు కట్టిన లారీలు. గని చూడటానికి ముందే ఉత్తరం రాశాను కానీ అనుమతి రాలేదు కనుక గేటు దగ్గర ఆగలేదు. షిఫ్టు దిగినవాళ్ళు హెల్మెట్లు చంకలో పెట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకతను మా కారు వైపు చూసి చెయ్యి ఊపాడు. భూగర్భం గారు చెప్పిన డ్రిల్లర్ గుర్తుకొచ్చాడు. నేను కూడా చెయ్యి ఊపి ముందుకు సాగాను.

డ్రైవరు వాళ్ళ నాన్న గనిలో పనిచేసినవాడట. లోపల మూకీ అనే మరుగుజ్జు ఉంటాడని, లోహమంతా వాడిదేనని, పని మొదలుపెట్టే ముందు వాడికి కోకా ఆకులు, సిగరెట్టు పెట్టేవాళ్ళమని నాన్న చెప్పేవాడట. వయాంకాలో ఒక హోటల్లో బంగాళాదుంపల సూపు తాగుతుండగా ఒక కుర్రవాడు గుడ్డలో చుట్టిన పైరైట్ తెచ్చి చూపించాడు. ఎక్కడిదని అడిగితే తలుపు వైపు చూశాడు. కొనలేదు. సూపు డబ్బులు మాత్రం ఇద్దరికీ నేనే ఇచ్చాను.

పైరైట్ లిమాలో, గని పేరు, కొన్న ఏడాది రాసి, బిల్లు ఇచ్చిన వ్యాపారి దగ్గర తీసుకున్నాను. గుప్పిట్లో పట్టేంత ముక్క, చూసి ఊహించినదానికన్నా బరువు. ఏడు ఘనాలు ఒకదానిలోకి ఒకటి దిగి ఉన్నాయి. భూతద్దంతో చూస్తే ప్రతి ముఖం మీదా దువ్వెనతో గీసినట్టు సన్నని సమాంతర గీతలు. ఒక ముఖం మీద అడ్డంగా ఉన్న గీతలు పక్క ముఖానికి వచ్చేసరికి నిలువుగా తిరుగుతున్నాయి. కాలేజీ బీరువా అద్దం వెనక ఉన్నన్నాళ్ళూ నాకు ఈ గీతలు కనిపించలేదు. ఒక మూల చిన్నగా విరిగి ఉంది, అది ముందే చెప్పి ధర తగ్గించాడు. అతినీలలోహిత దీపం కింద ఎక్కడా ఏమీ వెలగలేదు.

హ్యూబ్నరైట్ కూడా ఒకటి దొరికింది, చిటికెన వేలి గోరంత. టార్చి పెడితే కాకిబంగారం గారు చెప్పిన ఎరుపు అంచులో కనిపించింది. పాస్తో బ్వేనో వెళ్ళడానికి సెలవు కుదరలేదు.

ఇక్కడ వాన మొదలైంది. పైరైట్‌ను స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టి, జెల్‌తో డబ్బాలో పెట్టాను, మీటరు ఈ ఉదయం 38 చూపిస్తోంది. చీటీ మీద ‘వాన్‌సాలా గని, వయాంకా జిల్లా, బొలోగ్నేసి ప్రావిన్సు, ఆంకాష్, పెరూ’ అని రాసి, కింద ‘లిమాలో కొన్నది, గనిని రోడ్డు మీదినుంచి చూశాను’ అని చేర్చాను. వ్యాపారి ఇచ్చిన చీటీని వేరే కవరులో దాచాను.

కోరంగి గారిని ఒక్కటి అడగాలి. పైరైట్, హ్యూబ్నరైట్ ఒకే డబ్బాలో ఉండవచ్చా, లేక వేరుచేయాలా?

కోరంగి:

వేరుచేయండి. హ్యూబ్నరైట్‌కు పొడిగాలితో ఇబ్బంది లేదు కానీ, ఎప్పుడైనా పైరైట్ చెడితే దాని ఆమ్లం పక్కదాన్ని వదలదు. రెండు చిన్న డబ్బాలు ఒక పెద్ద డబ్బా కన్నా మేలు, జెల్ కూడా తక్కువ పడుతుంది. ఆగస్టు చివర్లో ఒకసారి మూత తీసి వాసన చూడండి.